పెరట్లో తప్పిపోయిన చిలుక: పట్టాలా, వదిలేయాలా? (అనంతపురం)

పెరటిజామ:
మూడు రోజులుగా మా జామచెట్టు మీద ఒక చిన్న చిలుక తిరుగుతోంది. ఒళ్లు లేతాకుపచ్చ, తల పసుపు, రెక్కల మీద నల్ల గీతలు, ముక్కు పైన నీలం. పిచ్చుకలతో కలిసి గింజలు ఏరుకుంటోంది. వీధిలో అందరినీ అడిగినా, మాది కాదంటున్నారు. ఇట్లే బయట బతుకుతుందా? పట్టాలంటే ఎట్లా?

మిద్దెతోట:
అది బడ్జీ అన్నా. అంగళ్లలో లవ్ బర్డ్ అని అమ్ముతారు గానీ, అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికావి, ఇది ఆస్ట్రేలియాది. ముక్కు మీది కండ నీలంగా ఉంది కాబట్టి మగది.

నీళ్లు దొరికితే మన ఎండను ఓర్చుకుంటుంది. కానీ అది గుంపులో బతికే పిట్ట. ఒంటరిగా ఉంటే డేగ వచ్చేది చెప్పే తోడుండదు, అందుకే పిచ్చుకలను పట్టుకుని తిరుగుతోంది. ఎక్కువ రోజులు ఆగొద్దు, పట్టేయండి.

వెంటపడి టవల్ విసిరితే ఊరు దాటిపోతుంది. ఎవరిదగ్గరైనా ఇంకో బడ్జీని పంజరంతో సహా అడిగి తెచ్చి మిద్దె మీద నీడలో పెట్టండి. దాని పిలుపుకే ఇది దిగుతుంది. పక్కనే తలుపు తెరిచిన ఖాళీ పంజరం ఆనించి, లోపలి మూలలో కొర్ర కంకి, నీళ్లు పెట్టండి. తలుపుకు 20 అడుగుల గాలం దారం కట్టి దూరంగా కూర్చోండి. పొద్దున 6 నుంచి 8 లోపల, మళ్లీ పొద్దుగూకే ముందు ఆకలి మీదుంటుంది. తోక కూడా లోపలికి పోయి, గింజ మీద ధ్యాస పడ్డాకే దారం లాగండి. తొందరపడితే తలుపు తోక మీద పడుతుంది, మళ్లీ ఆ పంజరం దగ్గరికి రాదు. చీకట్లో టార్చి వేసి పట్టబోవద్దు, బెదిరి గుడ్డిగా ఎగిరి గోడకు కొట్టుకుంటుంది.

కొర్రకంకి:
పట్టాక రొమ్ము ఎముక తడిమి చూడన్నా. కత్తి అంచులా తగిలితే చిక్కిపోయింది. 30 నుంచి 40 గ్రాముల బరువుండాలి. పాలు, అన్నం వద్దు. కొర్రలు, నీళ్లు చాలు. మీ ఇంట్లో వేరే పిట్టలుంటే నెల రోజులు వేరే గదిలో ఉంచండి, జబ్బులు రెట్ట ద్వారా అంటుకుంటాయి.

పెరటిజామ:
మంచిది. చింతచెట్టు మీదికి రామచిలుకలు కూడా వస్తాయి, వాటిలో ఒకటి సరిగా ఎగరడం లేదు. దాన్నీ ఇట్లే పట్టొచ్చా?

మిద్దెతోట:
దాన్ని పెంచుకోవడానికి పట్టకూడదు. రామచిలుక మన అడవి పిట్ట, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పెంచడం నేరం. రెక్క చివరి ఈకలు కత్తెరతో కోసినట్టు ఒకే గీతలో ఉంటే ఎవరో పెంచి వదిలింది. ఈకలు రాలి కొత్తవి వచ్చేదాకా ఎగరలేదు, ఆలోపు పిల్లి పాలవుతుంది. అటవీ శాఖ వాళ్లకు చెప్పండి. వాళ్లొచ్చేదాకా చెట్టు కిందికి పిల్లులు రాకుండా చూడండి.