క్రిస్మస్ కూడిక: హైదరాబాద్‌లో చేయించాల్సిన పనులు

హైదరాబాద్ వాలంటీర్:
అందరికీ వందనాలు. డల్లాస్ కూడికకి క్వయర్ గౌన్లు 24 కావాలన్నారు. తెల్ల బట్ట సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో చూసి పెట్టాను. కొలతలు శనివారంలోగా పంపండి, పిల్లలవి ఇప్పుడే మళ్ళీ తీయండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాలు బైబిల్ హౌస్‌లో తీసుకుంటాను. కార్గో అక్కర్లేదు, డిసెంబర్ మొదట్లో ఇక్కడి నుంచి వచ్చేవాళ్ళు తలా నాలుగు పెట్టుకుంటే చాలు.

ఇక కుట్టుకూలి సంగతి. పోయినేడాది గౌన్లు నవంబర్‌లోనే కుట్టిచ్చారు మన టైలర్ గారు. టికెట్ల లెక్క తేలాక ఇద్దామనుకున్నాం. ఆయన చేతికి డబ్బు అందేసరికి జనవరి ఆఖరు. ఈలోగా రెండుసార్లు మా ఇంటికి వచ్చారు. మొదటిసారి అడగలేక మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. నేనూ "వచ్చే వారం" అనే చెప్పాను, అది నా తప్పే. రెండోసారి సంచిలోంచి మడతపెట్టిన బట్ట తీశారు. రెండున్నర మీటర్లు మిగిలిందట. ఏ గౌనుకి ఎంత పట్టిందో రాసిన చీటీ దానికి గుండుసూదితో గుచ్చి ఉంది. "మీ చర్చి బట్ట కదమ్మా, నా దగ్గర ఉండకూడదు" అన్నారు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కూలివాడి కూలి పొద్దు గుంకకముందే ఇచ్చెయ్యమని ద్వితీయోపదేశకాండము 24:15 చెబుతుంది. బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు కాబట్టి. ఈసారి స్టేజీ మీద మెదక్ చర్చి బొమ్మ పెడుతున్నాం కదా. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన ఆ చర్చిని మిషనరీ పోస్నెట్ దొరగారు కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్ళకి పని చూపించి, తిండి పెట్టి కట్టించారు. ఆ బొమ్మ ముందు నిలబడి పాడేవాళ్ళ గౌను మీద ఎవరి కూలీ బాకీ ఉండకూడదు.

సగం అడ్వాన్స్, మిగతా సగం గౌన్లు తెచ్చిన రోజే. రేటు తగ్గించమని నన్ను బేరానికి పంపొద్దు.

డల్లాస్, ట్రెజరర్:
అక్కా, బిల్లులన్నీ కార్యక్రమం అయ్యాకే ఇవ్వాలని కమిటీ నియమం. హాలుకీ, సౌండ్‌కీ అలాగే చేస్తున్నాం.

హైదరాబాద్ వాలంటీర్:
తమ్ముడూ, సౌండ్ వాళ్ళు నెల ఆగగలరు. ఒక్క మిషన్ మీద ఇల్లు నడిపే ఆయన ఆగలేరు. నియమం మార్చడం కుదరకపోతే ముందు నా డబ్బు ఇస్తాను. కానీ ఇది సంఘం చేయాల్సిన పని.

డల్లాస్, ట్రెజరర్:
రాత్రి పాస్టర్ గారితో, కమిటీతో మాట్లాడాం. ఇకమీద చేతిపని వాళ్ళకి ముందే. సగం ఇప్పుడే పంపాను. పోయినేడాది ఆలస్యానికి ఆయన్ని నా తరఫున క్షమించమని అడుగు అక్కా.

హైదరాబాద్ వాలంటీర్:
ముట్టింది. సాయంత్రం వాళ్ళ కొట్టుకే వెళ్ళి ఇచ్చి, ఆ మాట కూడా చెప్పి వస్తాను. ఇంకా నలుగురు పిల్లల కొలతలు రాలేదు.