అప్‌డేట్: మొదటి ఆఫ్రికా వేటకు నమీబియానే ఖాయం చేసుకున్నాం

కుడూ, ఓరిక్స్ అనే పెద్ద ఆఫ్రికా జింకల వేటకు మొదటిసారి వెళ్లాలంటే దక్షిణాఫ్రికా మంచిదా, నమీబియా మంచిదా అని అడిగాను కదా. నేనూ మా బావా నమీబియా ఖాయం చేసుకున్నాం. టెక్సాస్‌లో ఏళ్లుగా డీర్ వేటాడుతున్నాం కానీ, తుపాకీతో ఇంత దూరం వెళ్లడం ఇదే మొదలు.

దక్షిణాఫ్రికాలో జంతువుల రకాలు ఎక్కువే. కాకపోతే అక్కడ చాలా వేట భూములకు ఎత్తైన కంచెలుంటాయి. నమీబియా పశువుల ఫారాల చుట్టూ ఉండే పొట్టి కంచెలను కుడూ అవలీలగా దూకేస్తుంది. అందుకే జాడ పట్టుకుని గంటలకొద్దీ నడవాలి. మాకు కావలసింది ఆ నడకే.

తుపాకీ టెన్షన్ కూడా తీరింది. కుడూ, ఓరిక్స్‌ల వేటకు తూటాకు కనీసం 2700 జౌల్స్ శక్తి ఉండాలని అక్కడి నియమం. మా థర్టీ ఆట్ సిక్స్ (.30-06 తూటా వాడే రైఫిల్) బాగా సరిపోతుంది. సీజన్ ఫిబ్రవరి నుంచి నవంబర్ వరకు ఉన్నా జూలైలో వెళ్తున్నాం. అప్పటికి గడ్డి ఎండి, ఆకులు రాలి, జంతువులు నీటి దగ్గరకు చేరతాయి. అది వాళ్లకు చలికాలం, స్వెట్టర్లు తప్పనిసరి.

మాంసం వృథా కాదు, ఫారంలోనే వండుకుంటారట. మా అమ్మ మొదట అడిగింది అదే.