పాత వీబీ6 ప్రోగ్రామ్‌ని లినక్స్‌లో వైన్‌తో నడపడం: ఎర్రర్లు 339, 429, ఆ తర్వాత 8002

పాతపెట్టె (ప్రశ్న):
ఒక 32 బిట్ విండోస్ ప్రోగ్రామ్‌ని 64 బిట్ ఉబుంటు 22.04లో నడపాలి. విజువల్ బేసిక్ 6 (వీబీ6)లో రాసింది, సోర్స్ కోడ్ లేదు. డేటా అంతా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేస్ (ఎండీబీ) ఫైల్లో ఉంది. తూకం యంత్రం నుంచి సీరియల్ పోర్టు ద్వారా బరువు చదువుకుంటుంది. మధ్యలో సీహెచ్340 చిప్ ఉన్న యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ ఉంది.

వైన్‌లో (విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) సెటప్ పూర్తయింది కానీ ప్రోగ్రామ్ తెరవగానే రన్‌టైమ్ ఎర్రర్ 339, ఎంఎస్‌కామ్32 ఓసీఎక్స్ (సీరియల్ పోర్టుతో మాట్లాడే విండోస్ భాగం) లేదంటుంది. నెట్లో దొరికిన ఓసీఎక్స్ తెచ్చి ప్రోగ్రామ్ ఫోల్డర్లో పెట్టి రిజిస్టర్ చేస్తే అది పోయి 429 వచ్చింది. వైన్‌తోనే కుస్తీ పట్టాలా, వర్చువల్ మెషీన్ పెట్టుకోవడం నయమా?

రిజిస్ట్రీకాపరి:
ముందు ఆ నెట్లో దించిన ఓసీఎక్స్ తీసేయండి. ఏ వెర్షనో, లోపల ఏముందో ఎవరికీ తెలియని ఫైలది. అసలుది మీ సెటప్‌లోనే ఉంటుంది. వీబీ6 ప్యాకేజీ అంటే సాధారణంగా సెటప్.ఈఎక్స్‌ఈ, సెటప్.ఎల్‌ఎస్‌టీ, ఒక క్యాబ్ ఫైలు (మిగతా ఫైళ్లను కుదించి కట్టిన మూట). క్యాబెక్స్‌ట్రాక్ట్ అనే టూల్‌తో క్యాబ్ విప్పండి. ఎల్‌ఎస్‌టీ మామూలు టెక్స్ట్ ఫైలే. ప్రోగ్రామ్‌కి కావలసిన ఫైళ్లన్నీ అందులో వరుసగా ఉంటాయి, ఏ వరుసలో డీఎల్‌ఎల్‌సెల్ఫ్‌రిజిస్టర్ అని కనిపిస్తే ఆ ఫైలును రిజిస్టర్ చేయాలని అర్థం. ఏది తక్కువైందో ఊహించే పనే లేదు.

429 వేరే జబ్బు. ప్రోగ్రామ్ అడిగిన కామ్ ఆబ్జెక్ట్ (వేరే ఫైల్లోంచి తెచ్చుకుని వాడే భాగం, సీరియల్ పోర్టు కామ్ కాదు) తయారు కాలేదన్నమాట. ఎండీబీ ఉందన్నారు కాబట్టి అది డీఏఓ గానీ ఏడీఓ గానీ (డేటాబేస్ తెరిచే మైక్రోసాఫ్ట్ లైబ్రరీలు) అయి ఉండాలి. వైన్ ఎమ్యులేటర్ కాదు, విండోస్ ఏపీఐలను లినక్స్ మీద కొత్తగా రాసిన సరుకు. ఎండీబీని చదివే జెట్ ఇంజన్ అందులో లేదు, మైక్రోసాఫ్ట్‌దే తెచ్చి పెట్టాలి.

ఇప్పటికే గెలికిన ప్రిఫిక్స్‌ని (వైన్ తన సీ డ్రైవ్‌నీ, రిజిస్ట్రీ అనే సెట్టింగ్‌ల పట్టికనీ ఉంచుకునే ఫోల్డర్) బాగుచేయడం దండగ, కొత్తది మొదలుపెట్టండి. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టైపు చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే.)

1. డీపీకేజీతో ఐ386 ఆర్కిటెక్చర్ జోడించి, ఆప్ట్ అప్‌డేట్ చేసి, వైన్32 ప్యాకేజీ వేయండి. ఇది లేకపోతే 32 బిట్ ప్రోగ్రామ్ కదలదు.
2. వైన్‌ఆర్క్ వేరియబుల్‌కి విన్32, వైన్‌ప్రిఫిక్స్‌కి హోమ్‌లో ఇంకా లేని ఒక ఫోల్డర్ పేరు ఇచ్చి వైన్‌బూట్ నడపండి. వైన్‌ఆర్క్ మొదటిసారే ఇవ్వాలి. 64 బిట్‌గా పుట్టిన ప్రిఫిక్స్ తర్వాత 32కి మారదు.
3. అదే ప్రిఫిక్స్‌లో వైన్‌ట్రిక్స్‌తో (వైన్‌లోకి విండోస్ భాగాలు తెచ్చి పెట్టే స్క్రిప్ట్) వీబీ6రన్, ఎండాక్28, జెట్40 ఇదే వరుసలో వేయండి.
4. తర్వాతే మీ సెటప్. అయ్యాక క్యాబ్‌లోంచి తీసిన ఓసీఎక్స్‌లు సిస్టమ్32లో లేకపోతే కాపీ చేసి, ఒక్కోదానికి వైన్ రెగ్‌ఎస్‌వీఆర్32.

ఫైలు ఫోల్డర్లో ఉన్నంత మాత్రాన చాలదు, దాని క్లాస్ ఐడీ (గుర్తింపు సంఖ్య) రిజిస్ట్రీలోకి ఎక్కాలి. ఆ పని చేసేది రెగ్‌ఎస్‌వీఆర్32.

సుడోతో మాత్రం వైన్‌ని ఎప్పుడూ నడపకండి. ప్రిఫిక్స్ ఫైళ్లు రూట్ పేరు మీదకి పోతాయి, తర్వాత మీ అకౌంట్‌తో తెరిస్తే ఈ ఫోల్డర్ మీది కాదని మొహం మీదే చెప్తుంది.

ఇంకోటి. కొన్ని డిస్ట్రోల్లో ఇప్పుడు వైన్‌ని కొత్త వావ్64 పద్ధతిలో (32 బిట్ ప్రోగ్రామ్‌లనూ 64 బిట్ లినక్స్ లైబ్రరీలతోనే నడిపేది) బిల్డ్ చేస్తున్నారు. వాటిలో విన్32 అని అడిగితే సపోర్ట్ లేదంటుంది. 22.04 రిపోలో ఉన్నది 6.0 కాబట్టి మీకా గొడవ లేదు.

పాతపెట్టె:
339, 429 రెండూ పోయాయండీ. ఎండీబీ తెరుచుకుంది, పాత రికార్డులు కనిపిస్తున్నాయి. బరువు చదివే బటన్ నొక్కితే 8002, పోర్టు నంబరు చెల్లదట. ప్రోగ్రామ్‌లో కామ్1 నుంచి కామ్16 దాకా ఎంచుకోవచ్చు, ఏది పెట్టినా అంతే. పైగా అడాప్టర్ గుచ్చగానే డెవ్ ఫోల్డర్లో టీటీవైయూఎస్‌బీ0 ఒక్క క్షణం కనబడి మాయమవుతోంది.

సీరియల్‌తీగ:
ఇక్కడ రెండు తప్పులు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

మాయమవడం వైన్ తప్పు కాదు. ఉబుంటు 22.04లో బీఆర్‌ఎల్‌టీటీవై అని బ్రెయిలీ డిస్‌ప్లేల కోసం ఒక సర్వీసు ఉంటుంది. కొన్ని బ్రెయిలీ పరికరాల యూఎస్‌బీ ఐడీ, సీహెచ్340 ఐడీ ఒకటే కావడంతో మీ అడాప్టర్‌ని తనదనుకుని లాక్కుంటుంది. డీమెసేజ్ (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) చూస్తే ఆ పేరు కనిపిస్తుంది. ఆ మెషీన్ మీద బ్రెయిలీ డిస్‌ప్లే ఎవరూ వాడకపోతే ఆ ప్యాకేజీ తీసేసి, అడాప్టర్ పీకి మళ్లీ గుచ్చండి.

పోర్టు నిలబడ్డాక మీ యూజర్‌ని డయలౌట్ గ్రూపులో (సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్నది) చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. వెంటనే వైన్ తెరవకండి. పికోకామ్‌తో (సీరియల్ పోర్టులో వచ్చేది తెర మీద చూపే టూల్) 9600 బాడ్ రేటు (పంపే వేగం) దగ్గర పోర్టు తెరిచి యంత్రం మీద ఏదైనా బరువు పెట్టండి. అంకెల వరుసలు పరుగెత్తాలి. పిచ్చి అక్షరాలు వస్తే బాడ్ రేటో ప్యారిటీయో (తప్పు పట్టడానికి చేర్చే అదనపు బిట్) తప్పు. 8 బిట్లు, ప్యారిటీ లేకుండా కాక 7 బిట్లు, ఈవెన్ ప్యారిటీతో పంపే యంత్రాలూ ఉన్నాయి. అసలేమీ రాకపోతే ముందు 2, 3 పిన్నుల తీగలు అనుమానించండి, నల్ మోడెమ్ కేబుల్‌తో (ఆ రెండు తీగలూ అటూఇటూ మార్చి కలిపినది) ఓసారి చూడండి. అంకెలు వచ్చాక పికోకామ్ మూసేయడం మర్చిపోవద్దు, అది పట్టుకుని ఉంటే ప్రోగ్రామ్‌కి పోర్టు చిక్కదు.

ఇక 8002. వైన్ ముందు మదర్‌బోర్డు పోర్టులకు, అంటే టీటీవైఎస్0 మొదలుకొని, కామ్ నంబర్లు ఇచ్చేస్తుంది. ఉబుంటులో అవి పేరుకి 32 ఉంటాయి, వెనక నిజంగా చిప్ ఉన్నా లేకపోయినా. మీ యూఎస్‌బీ పోర్టుకి వచ్చేది కామ్33. ఎంఎస్‌కామ్ కంట్రోల్ తీసుకునేది 1 నుంచి 16 వరకే. అందుకే మీరు ఏ నంబరు పెట్టినా అది తగిలేది ఉత్త పోర్టుకే.

ఆ ప్రిఫిక్స్‌లో రెజ్‌ఎడిట్ తెరిచి, హెచ్‌కీ లోకల్ మెషీన్, సాఫ్ట్‌వేర్, వైన్, పోర్ట్స్ దాకా వెళ్లండి. పోర్ట్స్ లేకపోతే మీరే సృష్టించండి. కామ్1 అనే పేరుతో స్ట్రింగ్ పెట్టి, విలువగా లినక్స్ పాత్ ఇవ్వండి. తర్వాత వైన్‌సర్వర్ (వైన్ వెనక నడిచే ప్రాసెస్) మైనస్ కే కొట్టి మొత్తం ఆపి మళ్లీ తెరవాలి. ప్రిఫిక్స్‌లోని డోస్‌డివైసెస్ ఫోల్డర్లో కామ్1 లింకు చేత్తో మార్చమని పాత సలహాలు కనిపిస్తాయి, కొత్త వెర్షన్లలో వైన్ దాన్ని మళ్లీ తనకు తోచినట్టు తిప్పేస్తుంది.

పాత్‌గా టీటీవైయూఎస్‌బీ0 ఇవ్వొద్దు, ఇంకో పరికరం ముందు గుచ్చితే మీది 1 అయిపోతుంది. డెవ్ కింద సీరియల్ ఫోల్డర్లో బై-ఐడీ లింకు (పరికరం గుర్తింపును బట్టి పేరు) వాడండి. ఇలాంటివి రెండు అడాప్టర్లుంటే మాత్రం సీహెచ్340కి సీరియల్ నంబరు ఉండదు కాబట్టి రెంటికీ ఒకే పేరొస్తుంది. అప్పుడు బై-పాత్ లింకు (గుచ్చిన సాకెట్‌ని బట్టి పేరు) వాడాలి, పైగా ఏ అడాప్టర్ ఏ సాకెట్‌లోనో మార్చకూడదు.

రెండోబూట్:
వర్చువల్ మెషీన్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ ప్రోగ్రామ్‌కి అక్కర్లేదు. అదే లైసెన్స్ డాంగిల్ (లైసెన్స్‌కి తాళంచెవిలా గుచ్చే పరికరం) ఉండి, దానికి విండోస్ కెర్నెల్ డ్రైవర్ కావాలంటే వైన్ మీద ఆశ వదులుకోవాలి. వైన్ ఆడించేది యూజర్ మోడ్ ప్రోగ్రామ్‌లనే, హార్డ్‌వేర్ డ్రైవర్లను కాదు. అప్పుడు వర్చువల్‌బాక్స్‌లో విండోస్ వేసి, యూఎస్‌బీని గెస్ట్‌కి (లోపల నడిచే ఆ విండోస్‌కి) అప్పగించాలి. మీ యూజర్ వీబాక్స్‌యూజర్స్ గ్రూపులో లేకపోతే యూఎస్‌బీ జాబితా ఖాళీగా కనిపిస్తుంది. విండోస్ లైసెన్స్ ఎలాగూ వేరేగా ఉండాలి.

ఇంకో మెషీన్ నుంచి కూడా అదే ఎండీబీ తెరిచే ఆలోచన ఉంటే మానుకోండి. ఫైలును ఎవరెవరు ఏ షేరింగ్ మోడ్‌లో తెరిచారన్న లెక్క వైన్‌సర్వర్ తనలోనే ఉంచుకుంటుంది, రెండో మెషీన్‌కి అది తెలియదు. ఇద్దరూ ఒకేసారి రాస్తే ఎండీబీ పాడవ్వొచ్చు.

రిజిస్ట్రీకాపరి:
రెండోబూట్ చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతా. వైన్ అడ్డుగోడ కాదు. జెడ్ డ్రైవ్ అంటే మీ లినక్స్ రూటే, ప్రోగ్రామ్‌కి మీ హోమ్ ఫోల్డర్ మొత్తం అందుతుంది. వైన్‌సీఎఫ్‌జీలో డ్రైవ్స్ ట్యాబ్‌కి వెళ్లి జెడ్ తీసేయండి, అయితే దాంతోనే పూర్తి రక్షణ వచ్చేసిందనుకోవద్దు.

ఇప్పుడు అన్నీ పనిచేస్తున్నాయి కాబట్టి, వైన్‌సర్వర్ ఆపి ఆ ప్రిఫిక్స్ ఫోల్డర్ మొత్తాన్ని టార్ చేసి (ఒకే ఫైలుగా మూటకట్టి) దాచుకోండి. రిజిస్ట్రీ, ఓసీఎక్స్‌లు, జెట్ అన్నీ అందులోనే ఉంటాయి. ఎండీబీ కూడా అందులోనే ఉంటే దానికి రోజూ విడిగా కాపీ తీయండి, లేకపోతే ప్రిఫిక్స్ వెనక్కి తెచ్చిన రోజున డేటా కూడా వెనక్కి పోతుంది.