పాత కంప్యూటర్లు వేలానికా, రీసైక్లర్‌కా?

ల్యాబ్ కుర్రాడు: మాది అనంతపురంలో ఒక యూనివర్సిటీ, పేరు వద్దు. డిపార్ట్‌మెంట్ వెనక గదిలో సీఆర్‌టీ మానిటర్లు (పాత గాజు గొట్టం రకం), సీపీయూలు, యూపీఎస్‌లు నడుమెత్తు పేర్చి ఉన్నాయి. కమిటీ పనికిరావని కండెమ్ చేసేసింది. పాత ఇనుము వాళ్లకు వేలం వేస్తారంట. కాలుష్య నియంత్రణ బోర్డులో రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇవ్వాలని నా వాదన. మీరేమంటారు?

టవర్ క్లాక్: వేలమైతే నాలుగు డబ్బులు వస్తాయి కదప్పా.

స్టోర్స్ పాతకాపు: బాబూ, ముందు యూపీఎస్ బ్యాటరీలు ఆ లిస్టులోంచి తీసెయ్. వాటికి 2022లో వేరే రూల్స్ వచ్చాయి. ఈ-వేస్ట్ (ఎలక్ట్రానిక్ చెత్త) రూల్స్ వేరు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. రెండూ కలిపి రాస్తే ఆడిట్ అబ్జెక్షన్ ఖాయం.

ల్యాబ్ కుర్రాడు: సరే సార్, తీసేద్దాం. మానిటర్ల సంగతి? ఆ గొట్టం గాజులో సీసం ఉంటుంది. పాత ఇనుము వాళ్లకు గాజుతో పనిలేదు. వెనక మెడకున్న రాగి చుట్ట పీక్కుని గొట్టం పగలగొట్టి పారేస్తారు. వైర్లు కాల్చి రాగి తీస్తారు. వైర్ల పైనుండే పీవీసీ ప్లాస్టిక్ కాలితే వచ్చే డయాక్సిన్లనే విషాలు పీల్చేది మనమే.

స్టోర్స్ పాతకాపు: తీసేద్దాం అంటే సరిపోదు. ఆ బ్యాటరీలు రిజిస్టర్‌లో ఏ పేజీలో ఎక్కిస్తావు?

పెన్నా గట్టు: బ్యాటరీలు వదిలెయ్ సామీ! ఈ-వేస్ట్ రూల్స్ ప్రకారం కనీసం 1000 పరికరాలు వాడే సంస్థ ఏదైనా బల్క్ కన్స్యూమరే, అంటే పెద్ద వాడకందారే. రిజిస్టరైన వాళ్లకే ఇచ్చి తీరాలి.

స్టోర్స్ పాతకాపు: ఒక డిపార్ట్‌మెంట్‌లో వెయ్యి ఎక్కడివి?

పెన్నా గట్టు: లెక్క యూనివర్సిటీ మొత్తానికి. ఏసీలు, ఫ్రిజ్‌లు, ట్యూబ్‌లైట్లు కూడా ఆ రూల్స్ జాబితాలో ఉన్నాయి. వేలం వేయొద్దని కాదు, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లే పాడాలని షరతు పెడితే చాలు. ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ వేలాల్లో చేసేది అదే.

స్టోర్స్ పాతకాపు: రీసైక్లర్ కిలోల్లో రసీదు ఇస్తాడు. నా రిజిస్టర్‌లో ఉండేది సీరియల్ నంబర్లు. నేను రిటైరైనప్పుడు రెండు సీపీయూలు కనబడలేదని ఒక ఆఫీసు వాళ్లు నా గ్రాట్యుటీ ఆపారు. కూతురి పెళ్లికి అప్పు చేశాను. మీ డయాక్సిన్ల కథలు నాకు చెప్పొద్దు.

ల్యాబ్ కుర్రాడు: మీ గ్రాట్యుటీ కోసం ఊరంతా పొగ పీల్చాలా?

స్టోర్స్ పాతకాపు: నీకు రీసైక్లరే ఎందుకు కావాలో నాకు తెలుసులే. తూకం వేస్తే మూత తీసి చూసేవాడు ఉండడు. లోపల ర్యామ్‌లు ఉన్నాయా? చెప్పు.

టవర్ క్లాక్: అబ్బో.

ల్యాబ్ కుర్రాడు: లేవు! పీకింది నేనే. కొత్తవి కొనమని కాగితం (ఇండెంట్) పెడితే ఫండ్స్ లేవన్నారు. పాతవి పీకి పక్క సిస్టమ్‌లకు వేసి ప్రాక్టికల్ పరీక్షలు జరిపించాం. అప్పుడు భలే నడిపావని భుజం తట్టారు. ఇప్పుడు ఖాళీ డబ్బాలు చూసి దొంగ అంటే, కాంట్రాక్ట్ వాణ్ని, రేపే ఇంటికి పంపిస్తారు.

పెన్నా గట్టు: చూడండి, ఇద్దరిదీ ఒకటే భయం. పొగ సంగతి ఎవరికీ పట్టలేదు.

స్టోర్స్ పాతకాపు: పీకిన రోజే రాయించుకోవాల్సింది బాబూ. ఏ ర్యామ్ ఏ సిస్టమ్‌లోకి పోయిందో ఇప్పుడైనా కాగితం పెట్టు. హెచ్‌ఓడీ సంతకం చేస్తే కిలోల రసీదుకు దాన్ని జత చేయొచ్చు.

ల్యాబ్ కుర్రాడు: ఆయన చేయరు సార్. అడిగి చూశా. తాను వచ్చాక జరిగింది కాదంటారు.