రేట్లు పెరిగినా పాత నెట్‌వర్క్‌నే ఎందుకు పట్టుకుని ఉంటాం?

గోదారిగట్టు:
2024 జులైలో జియో, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియా మూడూ వరసపెట్టి రేట్లు పెంచాయి. ఆ వారమంతా మా ఆఫీసులో ఒకటే గోల. తీరా మారింది ఇద్దరే. నంబర్ పోకుండా కంపెనీ మారే వీలు 2011 జనవరి నుంచి దేశమంతా ఉంది. 1900కి ఒక్క మెసేజ్ పెడితే కోడ్ వస్తుంది. అది కూడా చేయకపోవడం బద్ధకం కాక మరేమిటి?

ఓరుగల్లు వాసి:
బద్ధకం అనకండి. మా అమ్మ నంబర్ మారుద్దామని నేనే కూర్చున్నాను. ముందు చూద్దామని వేరే కంపెనీ సిమ్ కొని నా ఫోన్‌లో వేశాను. పెరట్లో నిండుగా సిగ్నల్, వంటింట్లోకి అడుగుపెడితే సున్నా. అమ్మ రోజులో సగం ఉండేది అక్కడే. పైగా ఏడాది రీఛార్జ్‌లో ఇంకా ఏడు నెలలుంది. పోర్ట్ అయితే, అంటే అదే నంబర్‌తో కంపెనీ మారితే, అదంతా పోయినట్టే. "ఉన్నది బాగానే పనిచేస్తోంది కదరా" అంది. నా దగ్గర జవాబు లేదు.

గోదారిగట్టు:
రీఛార్జ్ అయిపోయే ముందు మారండి. నంబర్ అదే కాబట్టి బ్యాంకు ఓటీపీలకీ ఢోకా లేదు. ఒకే సర్కిల్‌లో, అంటే ఒకే టెలికాం ప్రాంతంలో అయితే మూడు పనిదినాల్లో అయిపోవాలని 2019 డిసెంబర్ నుంచి రూలుంది. ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్.

రీఛార్జ్ కొట్టు:
పదేళ్లుగా షాపు నడుపుతున్నాను, నాకు తెలిసింది చెబుతాను. జనం భయపడేది మారడానికి కాదు, ఇరుక్కుపోతామని. ఒకసారి పోర్ట్ అయ్యాక 90 రోజులు మళ్లీ కదలడానికి లేదు. సిగ్నల్ బాగాలేదని మర్నాడే తెలిసినా మూడు నెలలు భరించాల్సిందే. కూలి పనికి పిలుపు ఫోన్‌లోనే వచ్చే మనిషికి మూడు నెలలంటే చిన్న మాటా? కోడ్ చేతిలో పెట్టుకుని కౌంటర్ దాకా వచ్చి, "మా వీధిలో ఇది వస్తుందా అన్నా?" అని అడుగుతారు. నేను గట్టిగా వస్తుందని చెప్పలేను. వెళ్లిపోతారు. కోడ్ నాలుగు రోజుల్లో చెల్లకుండా పోతుంది.

ఇంకో మాట. మూడు కంపెనీలూ కలిసి పెంచితే మారి మిగిలేదెంత? అప్పుడు పెంచని బీఎస్ఎన్ఎల్‌కి చాలామంది వెళ్లారు, నిజమే. కానీ దాని 4జీని దేశవ్యాప్తంగా ప్రారంభించింది 2025 సెప్టెంబర్‌లో.

గోదారిగట్టు:
90 రోజుల సంగతి నేను ఆలోచించలేదు. బద్ధకం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కనీసం మొదటి వారంలో వెనక్కి వచ్చే వీలు ఇవ్వాలి.

ఓరుగల్లు వాసి:
అదిస్తే అమ్మ నంబర్ రేపే పోర్ట్ పెడతాను.