‘నిరాశీః’ అన్న మాటలో ఉన్నది నిరాశేనా?

ప్రశ్న: భగవద్గీత 6-10లో ధ్యానానికి కూర్చునేవాడు ‘ఏకాకీ యతచిత్తాత్మా నిరాశీరపరిగ్రహః’ అయి ఉండాలని చెప్పారు. నిరాశలో ఉన్నవాడికి మనసు కుదురుగా నిలవడం ఎలా సాధ్యం? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం: శ్లోకంలో ఉన్న మాట ‘నిరాశీః’. ఇది సకారాంతమైన ‘ఆశిస్’ శబ్దం నుండి వచ్చింది. ఆశీస్సు, ఆశీర్వాదం అని మనం వాడే మాటలకు కూడా మూలం అదే. ఫలానా విధంగా జరగాలి అన్న కోరిక, ప్రార్థన దాని అర్థం. శంకరాచార్యులు 4-21 భాష్యంలో ‘నిర్గతాః ఆశిషః యస్మాత్’, అంటే ఎవరి నుండి అటువంటి కోరికలు తొలగిపోయాయో అతడు అని విగ్రహవాక్యం చెప్పి, 6-10 దగ్గరకు వచ్చేసరికి ‘వీతతృష్ణః’ (తృష్ణ పోయినవాడు) అని ఒక్క మాటతో ముగించారు. మన తెలుగు నిరాశ పరిస్థితి వేరు: అందులో ఆశ పోలేదు, నెరవేరక దెబ్బతిని లోపలే ఉండిపోయింది. ‘నైరాశ్యం’ అన్న మాటకూ ఇదే గతి పట్టింది. ఇప్పటి పత్రికల్లో అది దిగులుకు మారుపేరు. భాగవతం ఏకాదశ స్కంధంలోనైతే ‘ఆశా హి పరమం దుఃఖం నైరాశ్యం పరమం సుఖం’ అని అదే మాట సుఖానికి పరాకాష్ఠగా కనిపిస్తుంది.

ఆ వాక్యం విదేహ నగరంలోని పింగళ అనే వేశ్య కథ చివర వస్తుంది. ఆమె అలంకరించుకుని వాకిట్లో నిలబడి, వీధిలో వచ్చే ప్రతి మనిషినీ డబ్బిచ్చే విటుడుగానే ఊహించుకుంటుంది. అతడు దాటిపోగానే, ఇంకా ధనవంతుడు ఎవరో వస్తాడు, ఇంకా ఎక్కువ ఇస్తాడు అనుకుంటుంది. లోపలికి పోతూ, బయటికి వస్తూ ఉండగానే అర్ధరాత్రి అవుతుంది. ఈ ఘట్టంలో ఆశ ఒంటరిగా లేదన్నది గమనించాలి. దానికి ఒక కథ తోడుగా ఉన్నది, ఆ కథలో ముఖ్యపాత్ర తానే, ముగింపు ముందే రాసి పెట్టుకున్నది. వీధిలో పోయేవారందరూ తమకు తెలియకుండానే అందులో పాత్రధారులు అవుతున్నారు. ఆ ఎదురుచూపు తెగిపోయిన తరువాతే ఆమె హాయిగా నిద్రపోయింది.

ధ్యానానికి కూర్చున్నవాడి లోపల జరిగేది కూడా దాదాపు ఇదే. కళ్ళు మూసుకుని పది శ్వాసలు గమనించాడో లేదో, ‘ఈ మధ్య ధ్యానం చేస్తున్నాను, కోపం బాగా తగ్గింది’ అని ఎదురుగా లేని మనిషికి మనసులోనే చెప్పడం మొదలుపెడతాడు. ఊపిరి ఎక్కడో తప్పిపోతుంది, ‘మారిన మనిషి’ కథ మాత్రం చక్కగా సాగుతూ ఉంటుంది. మనశ్శాంతి కోసం పడే ఆశ కూడా ఆశే కనుక, ‘నిరాశీః’ అన్న విశేషణం దానికి మినహాయింపు ఇవ్వదని నా అభిప్రాయం. కొందరు వ్యాఖ్యాతలు మోక్షేచ్ఛను పక్కన పెట్టి తక్కిన కోరికలకే దీన్ని పరిమితం చేస్తారు. కూర్చుని ఉన్న ఆ కొద్దిసేపటి వరకు చూస్తే ఆ మినహాయింపు కూడా భారమే అవుతుంది.

ఇందులో మన వ్యాకరణం పాత్ర కూడా కొంత ఉన్నది. ‘నాకు కోపం వస్తుంది’ అన్న వాక్యం నా అలవాటునూ చెబుతుంది, రేపు జరగబోయేదాన్నీ చెబుతుంది. రెండింటికీ తెలుగులో క్రియారూపం ఒకటే. ‘నేనింతే, నాకు కోపం వస్తుంది’ అన్నవాడు గతాన్ని వర్ణిస్తున్నాడో, భవిష్యత్తును నిర్ణయిస్తున్నాడో అతడికే స్పష్టంగా తెలియదు. అదే విషయాన్ని ‘ఇప్పుడు కోపం వస్తోంది’ అన్నప్పుడు కథ లేదు, గమనింపు మాత్రమే ఉన్నది. ధ్యానంలో చేయమనేది ఈ రెండో వాక్యాన్నే అనుకుంటాను.

మరొక సభ్యుల ఆక్షేపణ: ఆశే లేకపోతే అసలు కూర్చోవడం దేనికి? పైగా తన గురించి తాను చెప్పుకునే కథ లేకుండా మనిషి బతకగలడా?

సమాధానం: మొదటిదానికి గీతలోనే జవాబు ఉన్నది. 3-30లో ‘నిరాశీర్నిర్మమో భూత్వా యుధ్యస్వ విగతజ్వరః’ అని ఇదే విశేషణాన్ని యుద్ధం చేయవలసినవాడికి వాడారు. వదలమన్నది పనిని కాదు. దానితోపాటు వచ్చే జ్వరాన్ని, ‘నాది’ అన్న భావాన్ని. ‘నిర్మమః’ పక్కనే ఉండడం వల్ల అక్కడ అర్థం ఇంకా తేటపడుతుంది.

రెండోదానికి 6-10లోనే ఉన్న ‘అపరిగ్రహః’ అన్న మాటను చూడాలి. దాన్ని సాధారణంగా వస్తువులు కూడబెట్టకపోవడానికే చెబుతారు. పతంజలి యోగసూత్రాల్లో 2-39లో మాత్రం ‘అపరిగ్రహస్థైర్యే జన్మకథంతాసంబోధః’ అని ఊహించని ఫలితాన్ని చెప్పాడు: అపరిగ్రహం స్థిరపడితే తన జన్మ ‘ఎలా’ అన్నది తెలుస్తుందట. ‘కథంతా’ను చూసి కథ అని పొరబడే ప్రమాదం ఉన్నది, అది ‘కథమ్’ (ఎలా) అన్న ప్రశ్నకు భావరూపం. ఆ సూత్రాలకు వ్యాఖ్య అయిన వ్యాసభాష్యం దాన్ని ‘నేను ఎవరుగా ఉండేవాణ్ణి, ఎలా ఉండేవాణ్ణి, ఇదేమిటి, ఇదెలా, ఏమి కాబోతున్నాము, ఎలా కాబోతున్నాము’ అని ప్రశ్నలుగా విడదీసింది. అంటే గతం గురించి, రాబోయేదాని గురించి అడగడాన్ని ఆ సంప్రదాయం మాన్పించలేదు. జవాబును ముందే పట్టుకుని కూర్చోవడాన్ని పరిగ్రహాల్లో లెక్కవేయవచ్చునా అన్నది భాష్యకారుడు నేరుగా చెప్పలేదు. నేను మాత్రం లెక్కవేస్తాను.