రైతు ఫోనులో, శాస్త్రవేత్త జూమ్‌లో: ఎవరి గొంతు వారికే తిరిగి వినిపించకుండా చేయడం ఎలా?

పొలంగట్టు (ప్రశ్న):
మా కమ్యూనిటీ రేడియో తరఫున ప్రతి శనివారం సాయంత్రం యూట్యూబ్‌లో రైతుల సందేహాలకు సమాధానాలిచ్చే గంట కార్యక్రమాన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేస్తున్నాము. స్టూడియోలో ఇద్దరు వ్యాఖ్యాతలుంటారు, వ్యవసాయ శాస్త్రవేత్త జూమ్‌లో కలుస్తారు, రైతులు మామూలు మొబైల్‌కు ఫోన్ చేస్తారు. మా దగ్గరున్నది ఒకే ఆక్స్ సెండ్ (ఎంచుకున్న గొంతులను విడిగా బయటికి పంపే దారి) గల చిన్న మిక్సర్. యూఎస్‌బీ ద్వారా లాప్‌టాప్‌కు వెళ్లేది అన్ని గొంతులూ కలిసిన మెయిన్ మిక్స్ మాత్రమే. జూమ్‌లో మైక్‌గా ఆ యూఎస్‌బీనే ఎంచుకున్నాము. పోయిన వారం పత్తిలో గులాబీ రంగు పురుగు గురించి వివరిస్తూ శాస్త్రవేత్త ‘లింగాకర్షక బుట్టలు’ అన్న మాట దగ్గర మూడుసార్లు ఆగిపోయారు. తన మాటే కాస్త ఆలస్యంగా చెవిలో పడుతోందని, అందువల్ల నాలుక తడబడుతోందని ఆయన చెప్పారు. ఫోన్ చేసిన రైతులదీ ఇదే ఫిర్యాదు. కొత్త మిక్సర్ కొనకుండా దీన్ని సరిచేసే మార్గం ఉన్నదా?

స్టూడియోమూల:
మీ శాస్త్రవేత్త తడబడటంలో ఆశ్చర్యమేమీ లేదు. మన మాట సుమారు 200 మిల్లీసెకన్ల ఆలస్యంతో మన చెవికే చేరితే, ఎంతటి వక్తకైనా మాట తొట్రుపడవచ్చు. మెయిన్ మిక్స్‌లో ఆయన గొంతు కూడా ఉంటుంది కాబట్టి, దాన్నే జూమ్‌కు పంపితే ఆయన మాటను ఆయనకే తిప్పి పంపినట్లవుతుంది. ఆయనకు వెళ్లే మిశ్రమంలో ఆయన గొంతు తప్ప మిగిలినవన్నీ ఉండాలి. మిక్స్-మైనస్ అన్నా, ఎన్-1 అన్నా, క్లీన్ ఫీడ్ అన్నా అర్థం ఇదే. మీకు ఇద్దరు బయటివారున్నారు కాబట్టి ఇలాంటి మిశ్రమాలు రెండు కావాలి, ఉన్న ఆక్స్ మాత్రం ఒకటే. అందువల్ల రెండోదాన్ని పాన్ నాబ్‌తో (గొంతును ఎడమకో కుడికో జరిపే మీటతో) సాధించాలి.

ఆక్స్‌ను ఫోనుకు కేటాయించండి. ఇద్దరు వ్యాఖ్యాతల చానళ్లలోనూ శాస్త్రవేత్త చానల్‌లోనూ ఆక్స్ నాబ్ తెరిచి, ఫోను చానల్‌లో మాత్రం పూర్తిగా సున్నాకు తిప్పండి. ఇక జూమ్ సంగతి. వ్యాఖ్యాతలనూ ఫోనునూ పూర్తిగా ఎడమకు, శాస్త్రవేత్తను పూర్తిగా కుడికి పాన్ చేస్తే, మెయిన్ అవుట్‌పుట్‌లోని ఎడమ వైపున ఆయన తప్ప అందరూ ఉంటారు. ఆ ఎడమ జాక్ ఒక్కదాన్నే లైన్ ఇన్‌పుట్ (మిక్సర్ నుంచి వచ్చే బలమైన సిగ్నల్‌ను తీసుకునేది) ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్‌కార్డుకు కలిపి, జూమ్‌లో మైక్‌గా దాన్ని ఎంచుకోండి. మైక్ ఇన్‌పుట్ మాత్రమే ఉన్న చౌక డాంగిల్‌కు కలిపితే ధ్వని పగిలిపోతుంది. జూమ్ స్పీకర్‌గా లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్‌ను ఎంచుకుని, దాన్ని మిక్సర్‌లో శాస్త్రవేత్త చానల్‌కు కలపండి. ప్రసారానికి మాత్రం పాత యూఎస్‌బీనే వాడుకోవచ్చు; ప్రసార సాఫ్ట్‌వేర్ అయిన ఓబీఎస్‌లో ఆ ఆడియోకు ‘మోనో’ టిక్ చేస్తే ఎడమ, కుడి కలిసి శ్రోతకు ఒకటిగా వినిపిస్తాయి. స్థాయి తగ్గినట్లుంటే అక్కడే పెంచుకోండి. మీ ఆక్స్ మీద ఎఫ్‌ఎక్స్ అని రాసి ఉంటే లోపలి ఎఫెక్ట్ రిటర్న్‌ను (మిక్సర్ కలిపే ప్రతిధ్వని వంటి ఎఫెక్ట్ స్థాయిని) సున్నా చేయండి; లేకపోతే కార్యక్రమమంతా బావిలోంచి మాట్లాడినట్లుంటుంది.

పాతఆపరేటరు:
పాన్ ఉపాయం పనిచేస్తుంది, కాదనను. కానీ ప్రసారం నడుమ ఎవరి చెయ్యైనా ఒక్క నాబ్‌కు తగిలితే మొత్తం చెడుతుంది కాబట్టి, పాన్ నాబ్‌ల పక్కన టేపు ముక్కలంటించి గుర్తులు పెట్టుకోండి. వ్యాఖ్యాతలకు తమ గొంతు ఒక చెవిలో, శాస్త్రవేత్త గొంతు మరో చెవిలో వినిపిస్తుంది. ఆ సంగతి వారికి ముందే చెప్పాలి. ముందుముందు డబ్బు సమకూరితే రోడ్‌కాస్టర్ ప్రో, జూమ్ సంస్థవారి పాడ్‌ట్రాక్ పీ4 వంటివి ఫోనుకూ యూఎస్‌బీకీ మిక్స్-మైనస్‌ను తామే చేసుకుంటాయి. ఈ జూమ్ వీడియో కాల్ జూమ్ కాదు, రికార్డర్లు తయారుచేసే జపాన్ సంస్థ.

ఇంకొక మాట. జూమ్‌లో ఇద్దరు ముగ్గురు శాస్త్రవేత్తలు ఒకే సమావేశంలో చేరినా మీకు ఒక్క మిక్స్-మైనస్ చాలు, ఎందుకంటే వారి మధ్య ఎవరి గొంతు వారికి పోకుండా జూమే చూసుకుంటుంది.

పొలంగట్టు:
ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్న రాత్రి అమర్చి చూశాము. శాస్త్రవేత్త ఒక్కరే మాట్లాడుతుండగా ఎడమ మీటరు దీపం ఒక్కటీ వెలగలేదు, ఆయనకూ ప్రతిధ్వని లేదు. అయితే ఫోనులో ఒక రైతుకు మాత్రం తన గొంతు ఇంకా సన్నగా వినిపిస్తోందట. ఫోను చానల్ ఆక్స్ సున్నాలోనే ఉన్నది.

స్టూడియోమూల:
వైర్ల దారి సరిగానే ఉన్నది కాబట్టి గాలి దారి చూడండి. స్టూడియోలో స్పీకరు మోగుతుంటే రైతు గొంతు వ్యాఖ్యాత మైకులో దూరి ఆక్స్ ద్వారా తిరిగి వెళ్తుంది. దాన్ని ఆపి అందరూ హెడ్‌ఫోన్లు పెట్టుకోండి. అప్పటికీ వినిపిస్తే, ఆ ఆలస్యం ఎంతో రైతునే అడగండి. వెంటనే వినిపిస్తే లోపం మీ గదిలో ఉన్నది. చాలా సెకన్ల తర్వాత వినిపిస్తే ఆయన పక్కనే యూట్యూబ్‌లో మీ కార్యక్రమం మోగుతున్నది.

పొలంగట్టు:
రెండోదే. ఇంట్లో మనవడు టీవీలో మా ప్రసారమే పెట్టాడట. ఇకపై ఫోను ఎత్తే అమ్మాయి, లైన్‌ను మిక్సర్‌కు కలిపే ముందు ‘టీవీ శబ్దం తగ్గించారా అండీ?’ అని అడుగుతుంది.